పోగులు వేసే చెయ్యి

కాఫీ ఇవ్వనండి. ఇవ్వనంటే ఇవ్వను. పాలున్నాయి, పొడి ఉంది, స్టవ్ కూడా బానే వెలుగుతోంది. ఇవ్వబుద్ధి కావట్లేదు, అంతే. అల్లుడికి కాఫీ కూడా ఇవ్వకుండా గుమ్మం బయటే ఆపేస్తానని మీ పెళ్ళిలో ఎవరైనా అనుంటే, వాళ్ళ మొహం మళ్ళీ చూసేదాన్ని కాదు.

లోపలికెందుకూ? ఇక్కడే వరండాలో మాట్లాడుకుందాం. అదిగో, ఆ ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ లాక్కోండి. ఆయ్, అదేనండి. కిందటేడు జాతరకి వేపచెట్టు కింద మీకోసం వేసిన కుర్చీయే. అల్లుడుగారి ప్యాంటు మాసిపోతుందని నేనే తడిగుడ్డ పెట్టి తుడిచాను. ఇవాళ తుడవలేదు. అలాగే కూర్చోండి.

ఆ చప్పుడా? పెరట్లో కొళాయి. మీ మావయ్యగారే. ఆ నీళ్ళ చప్పుడులో మన మాటలు ఆయనకి వినపడవు. అది మనకి మంచిదే.

ఉమ పొద్దున్నే ఫోన్ చేసిందండి. "అమ్మా, ఈయన మధ్యాహ్నం రాజమండ్రి నించి బయల్దేరి వస్తున్నారు, నాన్నతో మాట్లాడాలట" అంది. కూతురి గొంతు తల్లికి తెలీదా? ఏం మాట్లాడాలే అంటే కాసేపు నసిగింది. నసిగి నసిగి మొత్తం చెప్పింది. చెప్పి, నాకే జాగ్రత్తలు. ఆయన్ని ఏమీ అనకమ్మా, ఆయనా నిద్రపోవట్లేదు అని.

నిద్రపోవట్లేదట. పాపం. మేమేదో గుర్రు పెట్టి పడుకుంటున్నట్టు.

ఆదివారం మీటింగు కదా మీది. జాతర వస్తోంది కాబట్టి ఊళ్ళో మాంసం కొట్ల వాళ్ళనీ, వీధి పెద్దల్నీ కూర్చోబెట్టి, శుభ్రత గురించి పాఠం చెప్తారట. తెర కట్టి బొమ్మలు చూపిస్తారట. అందులో మా చిన్ని సంగతి కూడా చెప్తారట. పేర్లు చెప్పరట. 'ఒక ఊళ్ళో ఒక కుటుంబం' అంటారట. ఆ సభలో విని మావయ్యగారు బాధపడకుండా, ముందే వచ్చి మీ నోటితో మీరే చెప్దామని బయల్దేరారు. "మీ చేతుల వల్లే మీ మనవరాలు చావుదాకా వెళ్ళొచ్చింది మావయ్యగారూ" అని. ఇంతేనా? నేనేమైనా కలిపి చెప్పానా?

అలా తల ఊపకండి. మాటలు మార్చి చెప్తారు, తెలుసు. మీరు చదువుకున్నారు, మెత్తగా చెప్తారు. మెత్తగా చెప్పినా ఆయన చెవికి చేరేది అదే.

మీకు తెలియనిది కాదు, అయినా చెప్తాను వినండి. మీరు ఇంగ్లీషులో ఏం రాసుకున్నారో నాకు తెలీదు. మా వీధిలో జరిగేది నేను తెలుగులో చెప్తాను.

మరిడమ్మ జాతరకి మా వీధి వాళ్ళందరం కలిసి ఓ మేకపోతుని కొంటాం. అమ్మవారి మొక్కు తీరాక ఇక్కడికి తెచ్చి, ఈ వేపచెట్టు కింద కోయించి, పోగులు వేస్తాం. ఇంటికో పోగు. పోగంటే కాటా పెట్టి తూచేది కాదు. కాటా పెడితే తూకం సరిపోతుంది, మనసులు సరిపోవు. ఒకడికి తొడంతా వెళ్ళిందనీ, ఒకడికి బొమికలే మిగిలాయనీ మళ్ళీ ఏడాదిదాకా మొహాలు చూసుకోరు. అందుకని ప్రతి పోగులోనూ అన్నీ పడాలి. తొడలో ముక్క, పక్కటెముక, కార్జం, బోటి, తలకాయలో మాంసం, అన్నీ. బోటి పంచిన చేత్తోనే కార్జం పంచాలి, ఆ చేత్తోనే ఈ పోగులోంచి తీసి ఆ పోగులో వెయ్యాలి, మళ్ళీ సర్దాలి. ఆఖర్న ఎవరో ఒకళ్ళు అటు తిరిగి నిలబడతారు. వెనకాల 'ఇదెవరిది' అని అడిగితే, చూడకుండా ఓ పేరు చెప్తారు. ఆ పోగు వాళ్ళదే. ఇంకెవరూ నోరెత్తడానికి లేదు.

ఆ పోగులు వేసే చెయ్యి మీ మావయ్యగారిది. నేను కాపరానికి వచ్చేటప్పటికే ఆయన వేస్తున్నారు. మేకని కొయ్యడం ఆయనకి రాదండి, రక్తం చూస్తే మొహం తిప్పుకుంటారు. ఆయనది బెల్లం కొట్టు. కానీ గున్నేశ్వరరావు కాటాలో మోసం ఉండదని ఊరికి తెలుసు. అందుకని మాంసం దగ్గర కూడా ఆయన్నే కూర్చోబెట్టారు. అన్నదమ్ములు వాటాలకి కొట్టుకుని మాటలు మానేసినవాళ్ళు కూడా, ఆయన పోగు వేస్తే కిమ్మనకుండా పట్టుకెళ్ళేవాళ్ళు. ఈ మనిషికి ఊళ్ళో పదవి లేదు, మెళ్ళో దండ పడలేదు. ఉన్నది ఆ పేరొక్కటే. దాని మీద మీరు తెర కట్టి బొమ్మ వేస్తారు.

బొమ్మ దగ్గరికి తర్వాత వస్తాను. దానికింకా టైముంది.

ఆ రోజు మీరు ఈ కుర్చీలో కూర్చున్నారు. ఇదే కాలు మీద ఇదే కాలు వేసుకుని. ఒక్కటి కూడా వదలకుండా అంతా చూశారు. కోసేటప్పుడు పేగు చిట్లింది చూశారు. బకెట్లో నీళ్ళు ఎర్రగా తిరిగిపోయినా అందులోనే చేతులు ముంచడం చూశారు. మాంసం పోసిన పరదా మీద మేమంతా చెప్పులతో తిరగడం చూశారు. ఇది మీ ఉద్యోగం. మాంసం మీద ఎక్కడెక్కడ ఏ పురుగు చేరుతుందో చూడడానికి మీకు గవర్నమెంటు జీతమిస్తోంది. ఊరూరా తిరిగి మాంసం కొట్ల వాళ్ళకి క్లాసులు చెప్తారని పెళ్ళిచూపుల్లో మీ నాన్నగారు ఎంత గొప్పగా చెప్పారు. మేమూ అలాగే మురిసిపోయాం.

మరి ఆ రోజు మీ నోరేమైందండి?

చివరికి లేచారు. హమ్మయ్య, ఏదో చెప్తారు కాబోలనుకున్నాను. బ్యాగులోంచి దూది పుల్లలు తీశారు. "మావయ్యగారూ, రీసెర్చి కోసం, ఒకసారి చేతులు" అన్నారు. ఆయన పంచె ఎగ్గట్టుకుని, రెండు చేతులూ చాపి మీ ముందు నిలబడ్డారు. ఎంత సంబరమో. "మా అల్లుడు సైంటిస్టు, నా చెయ్యి ల్యాబుకి వెళ్తోంది" అని వీధంతా వినేట్టు అన్నారు. మా వీధి చంద్రరావుగారైతే నాకు కూడా తియ్యండి బాబూ అని లైన్లో నిలబడ్డారు.

మీరు అరచెయ్యి రుద్దారు. వేళ్ళ సందులు రుద్దారు. ఉంగరం కింద రుద్దారు. గొట్టాల్లో పెట్టి, మూతలు బిగించి, తల వంచుకుని వాటి మీద పేర్లు రాసుకున్నారు. దూది పుల్ల పెట్టగలిగిన మనిషి, ఓ సబ్బుముక్క చేతికివ్వలేకపోయారా? మా ఇంట్లో సబ్బు లేదా? అడిగితే నేను పరిగెత్తుకుని తేనా?

మీరు తల వంచుకునే ఉన్నారు. అప్పుడొచ్చింది చిన్ని.

కార్జం ముక్క ఈనెపుల్లకి గుచ్చి, నిప్పుల మీద కాల్చి, ఇంట్లో అందరికంటే చిన్నవాళ్ళకి మొదట పెట్టడం మాకు అలవాటు. ఉమ తింది చిన్నప్పుడు. దానికి ముందు మా ఆడపడుచు పిల్లలు తిన్నారు. ఎవరికీ ఏమీ కాలేదు. అదే కదా మా ధైర్యం. ఆయన పుల్లనించి ముక్క లాగి, పిల్ల నోరు కాలుతుందని అరచేతుల్లో అటూ ఇటూ దొర్లించి, ఊది, చిదిమి, దాని నోట్లో పెట్టారు. పైన కాలింది గానీ లోపల పచ్చిగానే ఉందో ఏమో ఎవరు చూశారు. అది కళ్ళు మూసుకుని నోరు తెరిచింది. తాతా ఇంకోటి అంది.

నాకెంత ముచ్చటేసిందో. ఫోన్ తీసి ఫోటో తీశాను. ఉమకి పంపాను. ఉమ మీకు పంపింది.

తర్వాత సంగతి నేను చెప్పాలా? ముందు కడుపు నొప్పంది. వాము నీళ్ళు పట్టాను. తర్వాత విరేచనాలు, వాటిలో రక్తం. రాజమండ్రిలో చూపిస్తే కాకినాడ తీసుకెళ్ళిపొమ్మన్నారు. అక్కడ కిడ్నీలు పనిచెయ్యట్లేదన్నారు. నాలుగేళ్ళు కూడా నిండని పిల్ల. మంచం మీద సగం కూడా లేదు. ఆ ఒంట్లోకి గొట్టాలు పెట్టి రక్తం బయటికి తీసి, కడిగి, మళ్ళీ లోపలికి ఎక్కించారు. అద్దంలోంచి చూస్తూ ఈయన గోడకి ఆనుకుని అలాగే కిందికి జారిపోయారు. గుర్తుందా? మీరే కదా లేపింది.

బతికింది. నేను అమ్మవారి దయ అంటాను, మీరు డాక్టర్ల దయ అంటారు. ఎవరి దయైనా బతికింది. ఇప్పుడు గంతులేస్తోంది.

అది ఆ మంచం మీద ఉండగానే, మీ ల్యాబులో ఆ దూది పుల్లల మీంచి పురుగు పెరిగిందట. దాని కడుపులో దొరికిందీ, ఆయన వేళ్ళ సందుల్లో దొరికిందీ ఒక్కటేనని తేలిందట. మిగతా ఇళ్ళల్లో కుక్కర్లో పెట్టి ఉడకేసుకున్నారు కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదట. పచ్చిగా తిన్నది అదొక్కతే. మీరు ఉమకి చెప్పారు. ఉమ నాకు చెప్పింది. అక్కడితో ఆపేశాం. ఆయనకి ఐసుగోళా అని చెప్పాం. జాతరలో ఐసు తింది, ఆ నీళ్ళు మంచివి కావు అని. వీధికీ అదే చెప్పాను.

తెలుసండి, ఆ ఐసు బండి అతను ఆ తర్వాత మా వీధిలోకి రావడం మానేశాడు. పిల్లల్ని కొననివ్వట్లేదు ఎవరూ. మీరిప్పుడు అది ఎత్తుతారని కూడా తెలుసు. ఎత్తండి. అతనికి ఇంకో వీధి ఉంది. నా మొగుడికి ఇంకో చెయ్యి లేదు.

ఏంటీ? మర్యాద కాదనుకున్నారా?

అత్తారింట్లో అల్లుడు నోరు విప్పి, మీరు మాంసం ఇలా ముట్టుకోకూడదు, నీళ్ళు మార్చండి అంటే బావుండదనుకున్నారు. వంకలు పెడుతున్నాడంటారనుకున్నారు. ఉమ ఈ ముక్క కూడా చెప్పిందిలెండి. మీ అమ్మగారు మరీమరీ చెప్పి పంపారట, అత్తారింట్లో పెట్టింది తినాలి, పెట్టినవాళ్ళని ఏమీ అనకూడదు అని. ఎంత బాగా పెంచారండి మిమ్మల్ని. ఆ మర్యాదతోనే మా ఇంటి దీపం ఆరిపోబోయింది.

నిజమే. మీరు ఆ రోజు అనుంటే నేను మొహం ముడుచుకునేదాన్నే. ఒప్పుకుంటాను. సూర్యకళ నోరు మంచిది కాదని ఈ వీధి మొత్తానికి తెలుసు. సాయంత్రానికల్లా అప్పాయమ్మగారి అరుగు మీద కూర్చుని, మా అల్లుడికి మా చేతులు రోతట అని చెప్పుకునేదాన్ని. చెప్పుకుంటే ఏమయ్యేది? మీ మీద నాలుగు మాటలు పడేవి. పడితే పడ్డాయి. పిల్ల తండ్రి మీరు. నాలుగు మాటలు పడలేరా?

ఇంకోటి కూడా అన్నారట. స్టడీ చేసేటప్పుడు మధ్యలో చెప్పకూడదట. చెప్తే జనం జాగ్రత్త పడిపోతారట, లెక్క మారిపోతుందట. మామూలుగా ఎలా చేస్తారో అలాగే చెయ్యనిచ్చి చూడాలట. ఇది విన్నాక ఫోన్ పెట్టేశానండి.

అంటే మేమేంటి? మీకు బిడ్డనిచ్చుకున్న ఇల్లా, మీ స్టడీనా? రెండు పడవల మీదా కాళ్ళు పెట్టారు మీరు. అల్లుడు కాబట్టి చెప్పలేదు, సైంటిస్టు కాబట్టి చెప్పలేదు. అల్లుడు కాని సైంటిస్టు అయితే, కోప్పడైనా చెప్పేవాడు. సైంటిస్టు కాని అల్లుడైతే, వాడికి తెలీదులే అనుకునేవాళ్ళం. మా ఖర్మకి రెండూ ఒక్కరే వచ్చారు.

ఏడుస్తున్నారా? వద్దు. నాకు జాలి లేదు ఇవాళ.

ఇప్పుడు బొమ్మ సంగతికి వద్దాం. నేను తీసిన ఫోటో తెర మీద వేస్తారట. మొహాలు కనపడకుండా మసక చేశారట. మసక దేనికి చేశారండి? మొహానికి. చెయ్యో? ఆ వేలికి పగడం ఉంగరం ఉంది. పెళ్ళికి మా నాన్న పెట్టింది. బెల్లం కొట్టులో కాటా పట్టుకున్న ఆ వేలిని, ఆ ఉంగరాన్ని చూడనివాళ్ళు ఈ చుట్టుపక్కల ఉన్నారా? ఆ చెయ్యి చూపించి, కింద ఎర్ర అక్షరాలతో పురుగు పేరు రాసి, ఇలా చెయ్యకండి అని కర్ర పెట్టి చూపిస్తారు. ముందు వరసలో మా చంద్రరావుగారే కూర్చుంటారు. ఆయన నోట్లో మాట ఆగుతుందా?

అది ఫోటో కాదండి నాకు. నా మనవరాలికి వాళ్ళ తాత ముద్ద పెడుతుంటే తీసుకున్నది. దాన్ని మీరు పాఠం చేశారు.

ఏంటీ? తీసేస్తారా? ఇప్పుడే తీసేస్తారా?

సరే. తీసెయ్యండి. నా కళ్ళ ముందే తీసెయ్యండి, ఆ ఫోన్‌లోంచి కూడా. ఇంత తేలిగ్గా పోయేదాన్ని అసలెందుకు పెట్టారో నాకర్థం కాలేదు. పోనీ.

మళ్ళీ ఏంటి? ఫోటో తీసేసినా ఆయనకి చెప్పక తప్పదా?

ఎందుకు తప్పదు? ఈ ఏడు మళ్ళీ పోగులు వేస్తారనా? మళ్ళీ ఇంకో పిల్ల నోట్లో పెడతారనా? వెయ్యరు. ఆ భయం మీకక్కర్లేదు. మొన్న చంద్రరావుగారు వచ్చి, బావగారూ, ఈసారి మేకని ముందే చూసి పెట్టుకుందాం అంటే, ఈయన మోకాళ్ళ నొప్పులన్నారు. కింద కూర్చోలేను, ఎవరైనా కుర్రాళ్ళని చూసుకోండి అన్నారు. చంద్రరావుగారు బతిమాలారు. మీ చెయ్యి కాకపోతే కొట్టుకు చస్తారు బావగారూ అన్నారు. ఈయన చేతులు పంచెలో దాచుకుని నవ్వారు.

మోకాళ్ళు బానే ఉన్నాయండి. పొద్దున్నే డాబా ఎక్కి నీళ్ళ ట్యాంకు చూసొస్తున్నారు.

ఉగాదికి ఉమ పిల్లని తీసుకొచ్చింది. మీరు రాలేదు, ఏదో పనన్నారు. అది ఆటో దిగి, తాతా అంటూ పరిగెత్తుకొచ్చింది. ఎత్తుకోమని చేతులు చాపింది. ఈయన రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నారు. నడుం నొప్పి తల్లీ, అన్నారు. అది ఊరుకుంటుందా, వెనక్కి వెళ్ళి ఆ చెయ్యి పట్టుకుంది. ఆయన విదిలించుకున్నారు. నేను చూశాను. పిల్ల మీద ఎప్పుడూ గట్టిగా మాటైనా అనని మనిషి విదిలించుకున్నారు. అది ఏడ్చింది. ఈయన పెరట్లోకి వెళ్ళిపోయారు. కొళాయి తిప్పిన చప్పుడు వినపడింది.

అవునండి. ఇప్పుడు వినపడుతున్నదే.

మొదట్లో అన్నానికి ముందూ తర్వాతా కడుక్కుంటున్నారు అనుకున్నాను. మంచిదే కదా, నేర్చుకున్నారు అనుకున్నాను. తర్వాత పేపరు ముట్టుకున్నా, తలుపు ముట్టుకున్నా వెళ్ళి కడుక్కోవడం. ఒళ్ళు రుద్దుకునే సబ్బు చాలదని బట్టల సబ్బు. వేళ్ళ చివర్లు తెల్లగా నానిపోయి, చర్మం లేచిపోతోంది. కొబ్బరినూనె రాస్తానంటే చెయ్యి ఇవ్వరు. కొట్లో బెల్లం దిమ్మ ముట్టుకోవట్లేదు, గుమస్తా చేతే తీయిస్తున్నారు.

ఆయనకి ఎవరు చెప్పుంటారు? ఎవరూ చెప్పలేదు. ఐసుగోళా అని మీరూ నేనూ నమ్మించామనుకున్నాం. జన్మంతా కాటా ముందు కూర్చున్న మనిషి. ఐసు జాతరలో పిల్లలందరూ తిన్నారు. ఆయన చేతి ముక్క తిన్నది ఒక్కతే. ఆ లెక్క ఆయనకి మీ ల్యాబు కంటే ముందే తేలి ఉంటుంది.

కూర్చోండి. ఎక్కడికి లేస్తున్నారు? కాళ్ళ మీద పడతారా ఆయనకి? పడితే ఆయన చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడతారు, మిమ్మల్ని లేపను కూడా లేపరు. నా మాట ఇంకా అయిపోలేదు.

మీరు చెప్పొద్దని ఇంతసేపూ పోట్లాడాను కదా. చెప్పినా చెప్పకపోయినా ఒకటే, నాకు తెలుసు. నాకు కావలసింది వేరే. ఆ చేతుల మీద పురుగుందని చెప్పడానికి మీరు పనికొచ్చారు. ఇప్పుడు లేదని చెప్పడానికి కూడా మీరే పనికి రావాలి. నేను చెప్తే ఆయన నమ్మరు. డాక్టరు చెప్పినా నమ్మరు. ఆ రోజు దూది పుల్ల పెట్టింది మీరు. సబ్బుతో ఒకసారి కడిగితే పోతుందా పోదా? పోతుంది కదా? ఆ మాట లోపలికి వెళ్ళి చెప్పండి. ఆ పురుగు మేక కడుపులోది, మీ ఒంట్లోది కాదు, ఆ రోజు అక్కడ ఎవరి చెయ్యి ఉన్నా అంటుకునేది అని చెప్పండి. ఇది చూస్తూ నేను నోరు మూసుకున్నాను మావయ్యగారూ అని కూడా చెప్పండి. అది మాత్రం మెత్తగా చెప్పకండి.

మాటలతో నమ్మకపోతేనా?

లోపల బుట్టలో మామిడిపళ్ళున్నాయి. ఆయన్ని ఒకటి చెక్కు తీసి ఇమ్మంటాను. ఆ చేత్తో ముక్క అందిస్తారు. మీరు అందుకుని, అక్కడే నిలబడి, కడక్కుండా నోట్లో పెట్టుకోండి. అంతే నేనడిగేది. తింటారా?

తింటారా అని అడుగుతున్నాను.

చూశారా. ఆలోచిస్తున్నారు. కొళాయి నీళ్ళు ఏవో, ఆ వేళ్ళకి పగుళ్ళున్నాయేమో, కత్తి దేంతో కడిగారో, అన్నీ వరసగా మీ బుర్రలో తిరిగిపోయాయి. కాదనకండి. మీ మొహం మీద కనపడింది.

ఫరవాలేదండి. మీరు కాస్త ఆలోచించారు. నేను అది కూడా చెయ్యలేదు.

ఈ సోమవారం మధ్యాహ్నం. మామిడిపళ్ళు కొత్తగా దిగాయని బుట్ట తెచ్చారు. నా కాపరమైనప్పటినించీ అదొక అలవాటు ఆయనకి. మొదటి పండు చెక్కు తీసి, టెంక పక్కన ముక్క నాకు చేత్తో ఇస్తారు. ఈ ఏడు ఇవ్వరనుకున్నాను. చాలాసేపు చేతులు కడుక్కున్నారు. తుడుచుకున్నారు. పండు కోసి, ముక్క నా వైపు చాపారు. తీసుకున్నాను. తీసుకుని, ఏమీ అనుకోకుండానే, నిజంగా ఏమీ అనుకోకుండానే, సింకు దగ్గరికి వెళ్ళి కొళాయి కింద పెట్టి కడిగాను.

తిరిగి చూసేసరికి ఆయన చూస్తున్నారు.

కత్తి పక్కన పెట్టారు. మిగతా పండు అలాగే పళ్ళెంలో వదిలేసి పెరట్లోకి వెళ్ళారు. అప్పటినించీ ఆ కొళాయి ఆగట్లేదు.

ఆయనకి సంగతి చెప్పడానికని ఇంత దూరం వచ్చారు. ఆలస్యం చేశారు. సోమవారం నేనే చెప్పేశాను.

అదిగో, ఆగింది. తువ్వాలు తీసుకుంటున్నారు. కళ్ళు తుడుచుకోండి, ఆయన వస్తున్నారు.

కూర్చోండి. కాఫీ పెడతాను, ఇద్దరికీ. గ్లాసులు కడుక్కుని తెస్తాను. కడగడమే కదా ఇప్పుడు ఈ ఇంట్లో అందరికీ పని.